పొర లేచింది, చూశారా

నా తమ్ముడితో వేగడం ఎవరివల్లా కాదు. ఈ మాట కోపంలో అంటున్నది కాదు. కోపం దిగాక, టీ తాగి, స్థిమితంగా కూర్చుని అంటున్నది. మనిషి మంచివాడే. సిగరెట్టు లేదు, పేకాట లేదు, ఒకరిని నొప్పించే మాట లేదు. కాలేజీలో జీవశాస్త్రం ప్రాక్టికల్స్ చెప్పే మాస్టారు. పిల్లలు వాడికి ముళ్ళ మాస్టారని పేరు పెట్టుకున్నారు. అది వాడి స్వభావం చూసి పెట్టిన పేరు కాదు, వాడు పెంచే జంతువుల్ని చూసి పెట్టింది. స్వభావానికి పేరు పెట్టమంటే నేను పెట్టేదాన్ని గానీ, ఇక్కడ రాయడానికి బాగుండదు.

ఆ జంతువుల్ని పుస్తకాల్లో సముద్రపు అర్చిన్లు అంటారట. మా ఇంట్లో మాత్రం ముళ్ళబంతులు. పిడికెడంత గుండ్రటి పెంకు, చుట్టూ ముళ్ళు, అడుగున నోరు. మొహం లేదు, కళ్ళు లేవు, పిలిస్తే పలకవు. సెలవు రోజుల్లో కాలేజీలో కరెంటు ఆపేస్తారు. గాలి పంపు ఆగితే ఇవి చచ్చిపోతాయని వాటిని ఉప్పునీళ్ళ తొట్టెతో సహా ఇంటికి మోసుకొస్తాడు. మా ఇంట్లో కింద ముందు గది నా కుట్టు దుకాణం, వెనక వంటగది, మేడ మీద వాడి గది. తొట్టె మేడ మీదికి మోయలేడట, నా కత్తిరింపు బల్ల కింద పెడతాడు. ప్యాంటు పొడవు తగ్గించుకోవడానికి వచ్చినవాళ్ళు కాళ్ళ దగ్గర బుడబుడమనే చప్పుడు విని ఉలిక్కిపడి, ఏమిటండీ అది అని అడుగుతారు. మా తమ్ముడి సంసారం అని చెబుతాను.

సంసారం అనడంలో తప్పేమీ లేదు, వాడికి వేరే సంసారం లేదు మరి. మా ఆయన పోయి నేను ఈ ఇంటికి వచ్చిన కొత్తలో వాడికి సంబంధాలు చూసి చూసి నా చెప్పులు అరిగిపోయాయి. ఎప్పుడడిగినా ఒకటే మాట, ఈ సీజన్ అయ్యాక చూద్దాం అక్కా అని. ముళ్ళబంతులు ఏడాది పొడుగునా గుడ్లు పెట్టవు. చలి మొదలయ్యాక కొన్ని నెలలు, అంతే. ఆ కొన్ని నెలలూ వాడికి ఇంకేదీ పట్టదు. ఆ తర్వాతి నెలలు వచ్చే సీజన్‌కు సిద్ధం కావడంలో పోతాయి. పన్ను నొప్పి సీజన్ అయ్యాక, మేడ మీద కారుతున్న కప్పు సీజన్ అయ్యాక, పెళ్ళి సీజన్ అయ్యాక. కప్పు నేనే బాగు చేయించాను. పన్ను దానంతటదే ఊడింది. పెళ్ళి సంగతి చెప్పాను కదా.

గిన్నెల గొడవ ఒకటి. వాడి గాజు గిన్నెలు నా వంటగదిలోనే ఆరబెడతాడు. వాటిని సబ్బు పెట్టి తోమకూడదు. ఒక్కసారి సబ్బు తగిలిందా, ఎంత కడిగినా దాని జాడ గాజుకు పట్టుకునే ఉంటుందట, అందులో వేసిన గుడ్లు చచ్చిపోతాయట. నీళ్ళతో కడగాలి, ఉప్పునీళ్ళతో తొలవాలి, బోర్లించాలి. ఒకసారి చుట్టాలావిడ ఎవరో వచ్చి, పాపం సాయం చేద్దామని ఆ గిన్నెలన్నీ నురగలు కక్కేలా తోమి, తళతళలాడించి పెట్టింది. వాడు ఆవిడను ఒక్క మాట అనలేదు. గిన్నెలన్నీ బుట్టలో పెట్టి, ఇవి ఇక మన ఇంట్లో వాడుకోవచ్చు అక్కా అని నాకు ఇచ్చేశాడు. ఆ మొహం చూసి, మా ఇంట్లో ఎవరైనా పోయారేమో అనుకుంది ఆవిడ.

ఇంతకీ వాడు చేసేది ఏమిటంటే, గుడ్డూ శుక్రకణమూ కలవడం పిల్లలకు కళ్ళారా చూపిస్తాడు. మనుషుల్లో, పశువుల్లో ఇది లోపలెక్కడో జరిగిపోతుంది, చూడటానికి కుదరదు. ముళ్ళబంతులకు ఆ మొహమాటం లేదు. ఆడది గుడ్లను సముద్రంలోకి వదిలేస్తుంది, మగది శుక్రాన్ని వదిలేస్తుంది, ఆ రెండూ నీళ్ళలో వెతుక్కుని కలుస్తాయి. అందుకని బల్ల మీద గాజు గిన్నెలోనూ కలపొచ్చు. పైకి చూస్తే ఆడదేదో మగదేదో తెలిసి చావదు. నోటి పక్కన మెత్తగా ఉండే చోట సూదితో కాస్త ఉప్పు ద్రావణం ఎక్కిస్తే, నడినెత్తిన ఉన్న సన్నటి రంధ్రాల్లోంచి కారుస్తాయి. లేత పసుపు రంగులో కారితే గుడ్లు, పాలలా తెల్లగా కారితే శుక్రం. గుడ్లను ఉప్పునీళ్ళలోకి దించుతాడు. తెల్లటిదాన్ని మాత్రం నీళ్ళు తగలకుండా అలాగే ఉంచుతాడు. నీళ్ళు తగిలేదాకా ఆ కణాలు ఒట్టి సోమరిపోతులట, తగిలాక ఒకటే పరుగు, కాసేపటికే అలిసి చచ్చిపోతాయట.

ఇదంతా నాకెలా తెలుసంటే, భోజనం దగ్గర కూర్చుంటే వాడికి ఇంకో మాట రాదు. వేలకు వేలు వచ్చి ఒక గుడ్డు చుట్టూ మూగుతాయి అక్కా, ఒక్కటే లోపలికి వెళ్ళాలి అంటాడు. రెండు దూరితే ఆ గుడ్డు సరిగ్గా రెండు ముక్కలు కావాల్సింది పోయి అడ్డదిడ్డంగా విడిపోయి పాడైపోతుందట. అందుకని మొదటిది తగలగానే గుడ్డు రెప్పపాటులో తన పైతోలులో ఉండే విద్యుత్తును మార్చేసుకుంటుంది, అది తొందరకు వేసిన గడియ. తర్వాత కణం దూరిన చోట మొదలై గుడ్డంతా ఒక అల పాకుతుంది, కాల్షియం అల. ఆ అల వెళ్ళిన చోటల్లా తోలు కిందున్న చిన్న చిన్న సంచులు పగిలి, పైనున్న పొరను పైకి లేపుతాయి. పొర లేచిందంటే అసలు తలుపు పడినట్టే. అల్లుడు ఇంట్లోకి వచ్చాక వీధి తలుపు వేసేసినట్టు అని నవ్వేవాడు. అల్లుళ్ళ గురించి వీడికేం తెలుసని నేను మజ్జిగ పోసేదాన్ని.

చూడు అక్కా, ఒక్కసారి వచ్చి చూడు అని ఎన్నిసార్లు పిలిచాడో. నాకెక్కడ తీరుతుంది. జిప్పులు పోయిన వాళ్ళూ గుండీలు ఊడిన వాళ్ళూ పొద్దున్నుంచి గుమ్మంలో నిలబడి ఉంటే, నేను కాలేజీకి వెళ్ళి గుడ్ల పెళ్ళి చూడనా.

వాడి కళ్ళ సంగతి నాకు సూది దగ్గర తెలిసింది. నా చూపు ఎప్పుడో కుట్లకే ఖర్చయిపోయింది. దూరం బాగానే కనిపిస్తుంది, దగ్గర మాత్రం అద్దాలున్నా సూది బెజ్జం దొరకదు. అందుకని రోజూ వాడు కాలేజీకి వెళ్ళేముందు నా సూదులన్నింటికీ దారాలు ఎక్కించి, దిండుకు గుచ్చి పెట్టి వెళ్ళేవాడు. చిన్నప్పటి నుంచీ వాడి పనే అది. అమ్మ మిషను మీద కూర్చుంటే వాడు పక్కన కూర్చుని ఎక్కించేవాడు. అలాంటిది ఒకరోజు ఒట్టి సూదులు గుచ్చి వెళ్ళిపోయాడు. అడిగితే దారం నాసిరకం, పీచు లేస్తోంది అన్నాడు. మర్నాడు సూదులదే తప్పన్నాడు. ఆ మర్నాడు టీ కప్పు పక్కన పోసి, కప్పు జరిపావేమిటి అని నన్నే కసురుకున్నాడు. అప్పుడు పట్టుకున్నాను వాణ్ణి.

కంటి డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళడానికి నా తల ప్రాణం తోకకొచ్చింది. ఆవిడ చూసి, మాట నాన్చకుండా చెప్పింది. రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరిపోయాయి, దానికితోడు లోపల ఒత్తిడి పెరుగుతోంది. “శుక్లం నేను తీసేస్తాను, అదేం పెద్ద పని కాదు. వెనకున్న నరం దెబ్బతింటే మాత్రం తెచ్చి ఇవ్వలేను. ఎడమ కంటికి ఇప్పటికే ఆలస్యమైంది” అంది. నేను వెంటనే తారీఖు అడిగాను. వీడేమన్నాడో మీరు ఊహించగలరు. సీజన్ మధ్యలో ఉంది డాక్టరుగారూ, అయ్యాక వస్తాను అన్నాడు. ఆవిడ పెన్ను మూసి నా మొహం చూసింది. నాకు సిగ్గుతో తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఇంటికొచ్చాక ఆ పూట నేను అరవని అరుపు లేదు. గోడకు చెప్పినా ఈపాటికి రెండు ఇటుకలు రాలేవి. కళ్ళు పోతే ఎవడు చూస్తాడురా నిన్ను, నేనా, నాకే ఒకరు కావాలి అన్నాను. అసలు కనిపించకుండా క్లాసు ఎలా చెబుతున్నావురా అని నిలదీశాను. వాడు తొట్టెలో నీళ్ళు మారుస్తూ, తల ఎత్తకుండా జవాబు చెప్పాడు.

“నేను చూడక్కర్లేదక్కా. చుక్క వేశాక పొర లేవడానికి ఎంతసేపు పడుతుందో నాకు ఒంట్లో తెలుసు. అప్పుడు చూడండర్రా అంటాను. పిల్లలు చూస్తారు. చూడాల్సింది వాళ్ళు.”

వినడానికి బాగానే ఉంది. నాకు మాత్రం ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళూ నన్ను చూడు చూడు అని చంపుకు తిన్నవాడు, ఇప్పుడు తనకు చూడక్కర్లేదంటున్నాడు. మళ్ళీ వాడి మొహంలో భయం కనిపించి నోరు మూసుకున్నాను. ఆపరేషన్ బల్ల అంటే భయం కాదు వాడిది. కాలేజీలో ఈ సంగతి తెలిస్తే క్లాసు ఇంకెవరికో ఇచ్చేస్తారు, లేదంటే తెర మీద వీడియో వేసి సరిపెడతారు. ఆ భయంతో కళ్ళు పోగొట్టుకోవడానికి సిద్ధపడ్డాడు. ఆ రెండు కళ్ళూ లేకపోతే క్లాసెక్కడిదని వాడి బుర్రకు తట్టలేదు.

నేనూ వాడి అక్కనే. వాణ్ణి అడక్కుండా డాక్టరుకు ఫోన్ చేసి తారీఖు తీసుకున్నాను. ఆ రోజు మధ్యాహ్నానికల్లా రావాలంది. పొద్దున వాడికి చెబితే, మధ్యాహ్నం దాకా ప్రాక్టికల్ ఉంది, అయ్యాక చూద్దాం అని గొణుగుతూ వెళ్ళిపోయాడు. అయ్యాక అన్న మాట వినగానే నేను దుకాణం మూసేశాను. ట్యాక్సీ పిలిచి కాలేజీకి వెళ్ళి, గేటు దగ్గర దాన్ని ఆపి ఉంచి, నేరుగా ల్యాబులోకి నడిచాను. అవసరమైతే చెవి పట్టుకుని లాక్కుపోదామనే వెళ్ళాను.

పొడుగాటి గది, తెల్ల గచ్చు బల్లలు, చివర నీళ్ళ సింకు, చేపల వాసన. మధ్య బల్ల చుట్టూ పిల్లలు మూగి ఉన్నారు. బీకరు మూతి మీద ఒక ముళ్ళబంతి తలకిందులుగా ఉంది. దాని నెత్తి నుంచి సన్నటి ధారలు నీళ్ళలోకి దిగుతున్నాయి. పక్కన పళ్ళెంలో ఇంకొకటి నిటారుగా, నెత్తి మీద చిక్కటి చుక్కలతో కూర్చుంది. ఇంకో పళ్ళెంలో మూడోది, ఎవరూ పట్టించుకోకుండా ఉంది. కిటికీ పక్క పాత మైక్రోస్కోపు, ఒక్క గొట్టం ఉన్నది, ఒక కన్ను ఆనించి చూసేది. మా వాడు డ్రాపరు పట్టుకుని, ఎప్పుడూ ఇంట్లో చెప్పే పాఠమే ఇక్కడా చెబుతున్నాడు. మనిషి వేరుగా ఉన్నాడు. ఇంట్లో నానిన గుడ్డలా ఉండేవాడు ఇక్కడ గంజి పెట్టినట్టు నిలబడ్డాడు. నన్ను చూసి, అంటే నా అడుగుల చప్పుడు విని, అయిపోతుంది అక్కా, కూర్చో అన్నాడు. పిల్లలు ఒక స్టూలు జరిపారు.

పళ్ళెంలో నిటారుగా కూర్చున్నదాని నెత్తిన ఉన్నది కొంచెం డ్రాపరుతో పీల్చి, గిన్నెడు ఉప్పునీళ్ళలో కలిపాడు. అందులోంచి ఒక చుక్క తీసి, మైక్రోస్కోపు కింద ఉన్న గుడ్లలో వేశాడు. వేసేటప్పుడు ఎడమ చేతి వేలితో గాజు అంచు తడుముకున్నాడు. పిల్లలెవరూ అది గమనించలేదు, నేను గమనించాను. ఒక్కొక్కళ్ళే చూడండర్రా అన్నాడు. తన ఊపిరులు లెక్కపెట్టుకుంటూ ఆగాడు. తర్వాత గొంతు పెంచి, “పొర లేచింది, చూశారా” అన్నాడు.

చూశాం సార్ అన్నారు అందరూ. ఒకడు గొట్టంలో కన్ను పెట్టి, భలే ఉంది సార్ అన్నాడు. ఇంకొకడు వాడి వెనకే, పెట్టీ పెట్టకుండా కన్ను పెట్టి, అవును సార్ అన్నాడు. వరస కదులుతోంది. మా వాడు సంతోషంగా తలాడిస్తున్నాడు.

అక్కడున్న నాకు ఏం పుట్టిందో తెలియదు. ఇన్నేళ్ళూ పిలిచాడు, ఇక వీడి కళ్ళు పోతే పిలవడు కూడా. ఎలాగూ వచ్చాను, చూసి పోదామని లేచి వరసలో నిలబడ్డాను. నా వంతు వచ్చాక అద్దాలు తీసి కన్ను ఆనించాను. ఒకమ్మాయి పక్కనున్న చక్రం తిప్పి సరిచేసి పెట్టింది. పూసలు పోసినట్టు గుండ్రంగా గుడ్లు, ఒకదాని పక్కన ఒకటి. అంచులు నున్నగా ఉన్నాయి. పొర లేస్తే మెడకు వదులుగా కుట్టిన కాలరులా చుట్టూ సందు కనిపిస్తుందని వాడు నాకు లెక్కలేనన్ని సార్లు చెప్పాడు, నాకు అర్థం కావాలని నా భాషలోనే చెప్పాడు. ఇక్కడ కాలరు లేదు. చుట్టూ వేలకు వేలు మూగుతాయన్నాడు. ఇక్కడ ఒక్క నలుసు కూడా కదలడం లేదు.

“ఒరేయ్, ఏదిరా పొర?” అన్నాను.

నీకు చూడటం రాదక్కా, అలవాటు ఉండాలి అన్నాడు. పిల్లలు నవ్వారు. నాకు నిజంగానే చూడటం రాదు, ఒప్పుకుంటాను. నాకు అబద్ధమాడటం కూడా రాదు. లేనిది లేదన్నాను. చక్రం తిప్పి పెట్టిన అమ్మాయి నా పక్కనే నిలబడి ఉంది. పొడుగాటి జడ, చొక్కా జేబులో రెండు పెన్నులు. ఆంటీ చెప్పింది నిజం సార్, నాకూ ఏం కనిపించలేదు అంది.

మా వాడి మొహం ఎర్రబడింది. వాడికి కోపం రావడం నేను అరుదుగా చూశాను. మరి అందరూ చూశామన్నారే అని అడిగాడు. లేనిదాన్ని చూశామని చెప్పడానికైతే ఈ గదెందుకు, ఈ మైక్రోస్కోపెందుకు, ఇంట్లో పుస్తకం చదువుకుంటే సరిపోయేది కదా అని కేకలేశాడు. పిల్లలు తలలు వంచుకున్నారు. చివరికి ఆ అమ్మాయి వైపు తిరిగాడు.

“నీకు కనిపించలేదు కదా. అప్పుడే ఎందుకు చెప్పలేదమ్మా?”

“మీరు లేచిందన్నారు కదా సార్. నా కంట్లోనే ఏదో లోపం ఉందనుకున్నాను.”

ఆ పిల్ల ఎత్తిపొడవలేదు. నిజంగా అలాగే అనుకుంది, ఇప్పటికీ సగం అలాగే అనుకుంటోంది. మా వాడు స్టూలు కోసం వెనక్కి తడుముకున్నాడు. నేను జరిపితే కూర్చున్నాడు. డ్రాపరు ఇంకా చేతిలోనే ఉంది. నేను ఇంట్లో అరిచిన అరుపులన్నీ ఒక ఎత్తు, ఆ పిల్ల చెప్పిన ఆ మాట ఒక ఎత్తు. వాణ్ణి చూస్తే నా కోపమంతా ఎటో పోయింది.

కాసేపటికి ఆ అమ్మాయినే పిలిచి, బీకరు మీద ఉన్నదాని నుంచి కారేది ఏ రంగులో ఉందో చెప్పమన్నాడు. లేత పసుపు సార్ అంది. పళ్ళెంలో ఉన్నదానిదో అని అడిగాడు. ఆ పిల్ల వంగి చూసి, నా వైపు ఒకసారి చూసి, అదీ లేత పసుపే సార్ అంది.

రెండూ ఆడవే. పసుపుకూ తెలుపుకూ తేడా తెలియక గుడ్ల మీద గుడ్లే పోసి, పొర లేచిందన్నాడు మా ముళ్ళ మాస్టారు. ఇన్నేళ్ళ సర్వీసున్నవాడు చేసింది మొదటి ఏడాది పిల్లలు కూడా చేయని పొరపాటు. పిల్లలకు ఇప్పుడు అర్థమైంది. కొందరు వాడి కళ్ళ వైపు చూసి, వెంటనే చూపు తిప్పుకున్నారు.

“నాకు రంగులు తెలియడం లేదర్రా” అన్నాడు. “ఈ సీజన్‌లో నేను ఒక్కసారి కూడా పొరను చూడలేదు.”

ఆ మాట వాడి నోటి నుంచి వస్తుందని నేను అనుకోలేదు. తర్వాత లేచి, మూడో పళ్ళెం చూడమన్నాడు. అది ఏమీ వదల్లేదనుకుని పక్కన పెట్టాడట. అమ్మాయి చూసింది. ముళ్ళ మధ్య పాలచుక్కలా తెల్లగా, కొంచెమే ఉంది. పాత డ్రాపరు ముట్టుకోకు, కొత్తది తీసుకో అన్నాడు. ఎంత తీయాలో, ఎన్ని నీళ్ళు కలపాలో చెప్పాడు. ఎక్కువ వేస్తే రెండేసి మూడేసి దూరతాయి, ఉన్నవన్నీ పాడవుతాయి అని హెచ్చరించాడు. గుడ్లు కొత్తవి పెట్టించాడు. అంతా అయ్యాక, ముందు మా అక్కను చూడనివ్వండి, పట్టుకున్నది ఆవిడే అన్నాడు.

నేను కన్ను ఆనించాను. అమ్మాయి చుక్క వేసింది. మొదట ఏమీ లేదు. తర్వాత నాలుగు వైపుల నుంచీ ధూళి లేచినట్టు నలుసులు వచ్చి పడ్డాయి. గుడ్లు మెల్లగా ఊగాయి. నేను ఒక్క గుడ్డునే చూస్తూ కూర్చున్నాను. దాని అంచున ఒక చోట, ఇస్త్రీ పెట్టె కింద గుడ్డలోకి ఆవిరి దూరినట్టు, చిన్న ఉబ్బు లేచింది. ఆ ఉబ్బు అటూ ఇటూ పాకింది. అంచు వెంబడే వెళ్ళి వెళ్ళి, అవతలి వైపు రెండూ కలుసుకున్నాయి. చుట్టూ సందుతో కాలరు నిలబడింది. బయటి నలుసులు వచ్చి ఆ కాలరును పొడిచి పొడిచి ఊరుకుంటున్నాయి. పక్క గుడ్డుకూ లేచింది, దాని పక్కదానికీ లేచింది. నేను నోరు తెరుచుకుని చూస్తున్నానని ఎవరో పిల్లలు తర్వాత చెప్పారు.

“లేచిందా అక్కా?” అని అడిగాడు. నా భుజం దగ్గర నిలబడ్డాడు. లేచిందిరా అన్నాను.

“ఎటు నుంచి మొదలైంది? ఒక పక్క నుంచి మొదలవుతుంది చూడు, ఎటు నుంచి?”

నేను తల ఎత్తి వాడి మొహం చూశాను. చెవులు రిక్కించి, చిన్న పిల్లాడిలా నిలబడి ఉన్నాడు. ఆ కళ్ళు నా వైపే ఉన్నాయి గానీ నన్ను చూడటం లేదు. చెప్పడానికి మాట నాలుక దాకా వచ్చింది. అది చెబితే వీడికి చాలు. ఇలాగే ఎవరో ఒకరు చూసి చెబుతూ ఉంటారు, వీడు వింటూ సీజన్లు గడిపేస్తాడు.

“చెప్పను” అన్నాను. “కళ్ళు బాగుచేయించుకుని నువ్వే చూసుకో.” పిల్లల వైపు తిరిగి, తర్వాత మీకు కనిపించింది మీలో ఒక్కరు చెప్పినా నాతో మాట పడతారన్నాను. అమ్మాయి నవ్వాపుకుని, చెప్పం ఆంటీ అంది.

ట్యాక్సీలో దారి పొడుగునా అదే పాట. కనీసం పైనా కిందా అన్నా చెప్పు అన్నాడు. ఆసుపత్రిలో కంట్లో మందు వేస్తుంటే నర్సు ముందు కూడా, ఎడమా కుడా అని అడిగాడు. ఎడమా కుడా ఏమిటండీ అని ఆవిడ కంగారుపడి కాగితాలు రెండోసారి చూసుకుంది, ఏ కంటికి ఆపరేషనో తప్పు రాశారేమోనని. నేను పెదవి విప్పలేదు.

ముందు కుడి కంటికి చేశారు, కొన్నాళ్ళకు ఎడమ కంటికి. కుడి కన్ను కడిగిన అద్దంలా అయింది. కట్టు విప్పగానే నన్ను చూసి, అక్కా, నీకింత జుట్టు ఎప్పుడు నెరిసింది అన్నాడు. ఎడమ కంట్లో మాత్రం వెలుతురు ఉంది, నీడలున్నాయి, ఇంకేం లేదు. నరం ఎండిపోయిందని డాక్టరు చెప్పింది. ఒక సీజన్ ముందు వచ్చి ఉంటే అని మొదలుపెట్టి, వాడి మొహం చూసి ఆపేసింది. నేను ఆవిడ ముందే ఏడ్చాను. వీడేమో నన్నే ఓదార్చాడు. “మైక్రోస్కోపుకు ఒక కన్ను చాలక్కా” అన్నాడు. చేతిలో ఏదైనా ఉంటే వాడి నెత్తిన వేసేదాన్ని.

ఆ రోజు నుంచి నేను వాడితో ముభావంగానే ఉన్నాను. పొర ఎటు నుంచి లేచిందో చెప్పలేదు. కళ్ళు బాగుచేయించుకున్నాను కదా అంటే, ఒకటే కదా అనేదాన్ని. మళ్ళీ చలి మొదలైంది. తొట్టె మళ్ళీ నా బల్ల కిందికి వచ్చింది. క్లాసు వాడికే ఉంచారు, రంగులు చెప్పడానికి ఆ జడ అమ్మాయి పక్కన ఉంటుందట, వాడే అడిగి పెట్టించుకున్నాడు. ఇప్పుడు పొర లేచింది చూశారా అని అడగడం మానేశాడట. ఏం కనిపిస్తోంది అని అడిగి ఊరుకుంటాడట. కొందరు ఏమీ లేదు సార్ అంటే, వాడు వెళ్ళి చూసి, అవును, లేదు అంటాడట.

నిన్న పొద్దున కాలేజీకి వెళ్ళేముందు, అడక్కుండానే వచ్చి నా పక్కన కూర్చున్నాడు. దిండు మీంచి సూది తీసుకున్నాడు. దారం కొస తడి చేసి, వెలుగుకు ఎత్తి పట్టాడు. దారం సూది ముందు నుంచి వెళ్ళింది. మళ్ళీ పెట్టాడు, ఈసారి వెనక నుంచి వెళ్ళింది. బెజ్జం వాడికి స్పష్టంగా కనిపిస్తోంది, సూదీ కనిపిస్తోంది, ఏది ఎంత దూరంలో ఉందో తెలియడం లేదు. ఒంటి కంటికి ఆ లెక్క అందదని డాక్టరు ముందే చెప్పింది. దారం నాసిరకం అనలేదు. సూదిని తిట్టలేదు. పెదవులు బిగించి, ముందుకు పెట్టి, వెనక్కి పెట్టి, మళ్ళీ మళ్ళీ పొడుస్తున్నాడు. అమ్మ పక్కన కూర్చుని ఎక్కించినప్పుడు కూడా ఇలాగే పెదవులు బిగించేవాడు.

వాడి చేతిలోంచి సూది లాక్కోవాలనిపించింది. లాక్కోలేదు.

“కింది నుంచి” అన్నాను. “కింద ఎడమ పక్క నుంచి మొదలైందిరా. అక్కడ ఉబ్బి, రెండు వైపులా పాకి, పైన కుడి పక్కన కలుసుకుంది.”

వాడి చేయి ఆగింది. అయితే కణం అక్కడే దూరి ఉంటుంది అన్నాడు. దారం కొస మళ్ళీ తడి చేసుకుని, సూదిని వెలుగుకు ఎత్తి పట్టాడు.